ఆగిన బండికి రోగం లేదు

గుమ్మవలస ఊరు దాటిన దగ్గర్నుంచీ పికప్ బండి రెండో గేరులోనే ఏడుస్తోంది. మూడో గేరుకి మారాల్సిన చోట ఒక్క క్షణం ఆలోచనలో పడుతుంది, ఇంజిను గొంతు చించుకుని అరుస్తుంది, ఆ తర్వాత బండి మనసు మార్చుకుంటుంది. ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గరికొచ్చేసరికి రెండో గేరు కూడా జారిపోవడం మొదలైంది. ఇంజిను పరిగెడుతోంది, చక్రాలు మాత్రం తమకేం సంబంధం లేనట్టున్నాయి.

"దీనికెవలో దిష్టెట్టేసినారే పైడీ," అన్నాడు డ్రైవరు ముత్యాలు, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి దణ్ణం పెడుతున్నట్టుగా.

"దిష్టి కాదు మావా. గేరుబాక్సులో నూనె తగ్గినట్టుంది. వెనక్కి తిప్పీ. ఇంకో మలుపు ఎక్కిస్తే కాలిపోద్ది."

వెనక తొట్టెలో నాలుగు ఐసు పెట్టెలున్నాయి. వాటిలో రెండు వేల నాలుగొందల పశువులకి సరిపడా గాలికుంటు టీకా మందు ఉంది. కొండ మీద సిరిమానుగూడ దగ్గర పశువుల్ని తోలుకొచ్చి జనం పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్నారు. బండి వెనక్కి తిరిగింది. దిగడానికి మాత్రం దానికే ఇబ్బందీ లేదు.

బండి గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది గిరి పశురక్షా మండలి వారి ఏకైక ఆటోమేటిక్ వాహనం. ఇరవై రెండేళ్ల కిందట ఎవరో విదేశీ దాతలు ఇచ్చి, ఫొటో దిగి, వెళ్లిపోయారు. గేర్లు అదే మార్చుకుంటుంది. క్లచ్ ఉండదు. మండలిలో ఎవరి అనుమతీ లేకుండా సొంతంగా నిర్ణయాలు తీసుకునేది అదొక్కటే.

ఇక పైడితల్లి. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లమా చేసింది. మండలిలో కాంట్రాక్టు మీద టెక్నికల్ అసిస్టెంటు. ఆమె ఉద్యోగంలో టెక్నికల్ పని వారానికో గంట ఉంటుంది. మిగిలిన టైమంతా ఆ గంట పని చేశానని రాయడానికి సరిపోతుంది.

బండి ఆవరణలోకి రాగానే పైడి ఇంజిను ఆపొద్దని ముత్యాలుకి చెప్పి, బానెట్ ఎత్తి, గేరుబాక్సు నూనె చూసే కొలత పుల్ల మీద చెయ్యి వేసింది.

"ఆగు!"

వరండాలోంచి సూపరింటెండెంటు దక్షిణామూర్తి గారు కేకేశారు. ఆయన పరిగెత్తరు. ఆయన కేకే పరిగెత్తుతుంది.

"ఇంజిను నడుస్తుండగా తనిఖీ చేయుట నిషిద్ధం. తనిఖీ సమయమున వాహనము నిశ్చల స్థితిలో ఉండవలెను, ఇంజిను ఆపవలెను, తాళంచెవి సూపరింటెండెంటు వారి బల్లపై అద్దము కింద ఉంచవలెను. మర్చిపోయావా అమ్మాయ్?"

ఆ రూలు పుట్టి పదకొండేళ్లయింది. అప్పట్లో ఎవరో పెద్దాఫీసరు నడుస్తున్న జీపు ఇంజినులోకి వంగి చూస్తుంటే ఆయన కండువా కొస ఫ్యాను బెల్టులో పడింది. ఆఫీసరుకి ఏం కాలేదు. కండువాకి జరిగిన నష్టం మీద మాత్రం రూలు పుట్టింది.

ఇంజిను ఆపారు. తాళంచెవి అద్దం కిందికి, టీకా మందు ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. గంట సేపు టీలు అయ్యాక దక్షిణామూర్తి గారు స్వయంగా కొలత పుల్ల తీసి, కళ్లజోడు సవరించుకుని చూశారు. ఎర్రటి నూనె పై గీత దాటి అర అంగుళం ఉంది.

"తక్కువన్నావే? ఎక్కువుంది!"

"ఆపితే అలాగే కనపడతది సార్. నడుస్తున్నప్పుడు నూనె పైన తిరుగుతా ఉంటది. ఆపగానే అంతా దిగొచ్చి కింద గిన్నెలో చేరతది. ఆటోమేటిక్ బండికి వేడి మీద, ఇంజిను నడుస్తుండగానే కొలవాలి. పుస్తకంలో అదే ఉంది."

"అంటే ఆపినప్పుడు ఎక్కువ, నడిచినప్పుడు తక్కువ." దక్షిణామూర్తి గారి మొహంలో ఏదో పాత అనుమానం నిజమైన సంతృప్తి కనిపించింది. "నడిచేటప్పుడు ప్రభుత్వ నూనె ఎక్కడికి పోతోంది?"

పైడి ఆఫీసు భాషలో చెప్పి చూద్దామనుకుంది.

"సార్, ఆఫీసు టైములో అందరూ ఎవరి సీట్లో వాళ్లుంటారు. అయిదు గంటలకి గేటు దగ్గర చూస్తే గుంపుంటది. ఆ గుంపుని చూసి స్టాఫ్ ఎక్కువైపోయారని సగం మందిని తీసేస్తామా?"

"ఆ ప్రతిపాదన కూడా పరిశీలనలో ఉంది," అన్నారాయన గంభీరంగా.

అప్పుడు పైడి పాత తనిఖీ రిజిస్టరు తిరగేసింది. అందులో దొరికింది బండి రోగం. నిరుడు వార్షిక తనిఖీలో గేరుబాక్సులో 'మంజూరైన పరిమాణం కన్నా అధిక నిల్వ' కనిపించింది. కంపెనీ గీతని దాటి ఉండే అధికారం నూనెకి లేదు కాబట్టి, పశువులకి వాడే పెద్ద సిరంజికి సెలైన్ గొట్టం తగిలించి, పుల్ల పెట్టే రంధ్రంలోంచి లీటరున్నర లాగేశారు. ఆర్నెల్లకి మళ్లీ తనిఖీ. ఈసారి బండిని వారం రోజులు కదలకుండా ఉంచి, అప్పుడు చూశారు. మళ్లీ అధికం. మరో అర లీటరు లాగారు. ఆ రెండు లీటర్లూ నాలుగు సీసాల్లో స్టోరు రూములో భద్రంగా ఉన్నాయి.

ముత్యాలుకి చెప్తే ఆయన బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు.

"ఓలమ్మో. రగతం తీసేసి, నడవనేదని తిడతన్నారా?"

* * *

సాయంత్రం సిరిమానుగూడ నుంచి ఫోను వచ్చింది. ఆ ఊరి రైతు బిడ్డిక సుక్కయ్యకి కొండ మీద సిగ్నలు ఒకే ఒక్క బండరాయి మీద దొరుకుతుంది. ఆ రాయెక్కి మాట్లాడేటప్పుడు గాలి చప్పుడులోంచి ఆయన గొంతు వస్తుంది.

"అమ్మా, మందు రానేదేటి? కింద గూడలో రొండు ఆవులకి నోట్లో పుళ్లొచ్చీసినాయి. మేత ముట్టడం నేదు. వానలడితే గెడ్డ పొంగిపోద్ది. ఇంక మీరు రానేరు, మేం దిగనేం."

"వస్తాం సుక్కయ్య బాబూ. నాలుగు రోజులు."

నాలుగు రోజులని ఎందుకందో ఆమెకే తెలీదు. శుక్రవారం నుంచి వానలని రేడియోలో చెప్పారు, ఆ వాగు పొంగేలోపు వెళ్లాలి, అంతే. వేరే బండిలో పంపుదామంటే మండలికున్న రెండు జీపులూ ఒకదాని విడిభాగాలతో ఇంకొకటి బతుకుతూ, ఏ రోజూ రెండూ కలిసి నడవవు. ఈ వారం ఏదీ నడవడం లేదు.

పైడి రాతపూర్వకంగా అర్జీ పెట్టింది. నడుస్తున్న ఇంజినులో నూనె చూసే అనుమతి ఇప్పించగలరు, అని. మర్నాడే జవాబొచ్చింది. మండలిలో అంత తొందరగా జవాబు రావడం చరిత్రలో లేదు. అర్జీని తిరస్కరించి, కమిటీ వేశారు.

గేరు మార్పిడి లోప నిర్ధారణ కమిటీలో ముగ్గురు సభ్యులు. దక్షిణామూర్తి గారు అధ్యక్షులు. ఒక పశువైద్యుడు. ఒక పశుగ్రాస నిపుణుడు. ముగ్గురూ ఆగి ఉన్న బండి చుట్టూ నిలబడ్డారు. పశువైద్యుడు కాసేపు మొహమాటపడి, అలవాటు కొద్దీ స్టెతస్కోపు తీసి బానెట్ మీద పెట్టాడు.

"ఏమీ వినిపించడం లేదు."

"అసహజ శబ్దములు లేవు," అని రాయించారు అధ్యక్షులు.

పశుగ్రాస నిపుణుడు డ్రైవరు సీట్లో కూర్చుని గేరు కర్రని ముందుకీ వెనక్కీ కదిపాడు. ఎక్కడికంటే అక్కడికి వెళ్లింది. "బ్రహ్మాండంగా ఉందండీ. వెన్నలో కత్తి దిగినట్టుంది."

"సార్," అంది పైడి, "లోపం బండి కదుల్తున్నప్పుడు కదా వస్తోంది."

"నిజమే. కదలని స్థితిలో లోపము లేదని కమిటీ నిర్ధారించింది. కనుక లోపము వాహనమునందు గాక చలనమునందు ఉన్నది." దక్షిణామూర్తి గారు పెన్ను ఎత్తారు. "చలనమునకు బాధ్యులెవరు?"

అందరూ ముత్యాలు వైపు తిరిగారు.

ముత్యాలుకి యాభై ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ బండి తప్ప వేరేది ముట్టలేదు.

"గేరు ఎలా మారుస్తావు?"

"నాను మార్చనండి. అదే మార్చుకుంటాది."

"ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా గేరు మార్చలేదా!" నిపుణుడు నోరు తెరిచాడు. "క్లచ్ తొక్కనైనా తొక్కావా?"

"క్లచ్ నేదండి."

దక్షిణామూర్తి గారు నెమ్మదిగా వాహన తనిఖీ ఫారం తెరిచారు. పదిహేడో గడిలో 'క్లచ్ పెడల్ స్థితి' అని ఉంది. ఇన్నాళ్లూ ఎవరో 'తృప్తికరం' అని రాస్తూ వచ్చారు. ఆయన వంగి బండిలోకి చూశారు. రెండే పెడళ్లు.

"మూడోది ఎవరు తీశారు?"

పైడి అరగంట చెప్పింది. ఆటోమేటిక్‌కి క్లచ్ పుట్టుకతోనే ఉండదంది. కంపెనీ పుస్తకం బొమ్మ చూపించింది. ఆ బొమ్మలో కూడా రెండే ఉన్నాయి. ఆ బొమ్మని కూడా ఫైలులో పెట్టుకున్నారు, పోయిన వస్తువుకి సంబంధించిన ఆధారంగా.

బుధవారం పొద్దున ముత్యాలుకి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, గేరు మార్చు విధిని ఇరవై రెండేళ్లుగా నిర్లక్ష్యం చేసినందుకు సంజాయిషీ ఇమ్మని. రెండోది, క్లచ్ ఆచూకీ తెలిపే నిమిత్తం. బుధవారం మధ్యాహ్నం ఒక వెల్డింగు మనిషి వచ్చి, పాత ట్రాక్టరు పెడల్ ఒకటి తెచ్చి, ఎడమ కాలి దగ్గర నేలకి అతికించి వెళ్లాడు. అది దేనికీ కలవలేదు. తొక్కితే కిందికెళ్తుంది, వదిలితే స్ప్రింగు పైకి లేపుతుంది. పదిహేడో గడిలో మళ్లీ 'తృప్తికరం' అని పడింది. ఎన్నిసార్లు తొక్కాడో రాయడానికి ముత్యాలుకి ఒక నోటు పుస్తకం ఇచ్చారు.

"తొక్కితే ఏటవుద్ది?" అని అడిగాడు ముత్యాలు.

"రిజిస్టరు నిండుద్ది మావా."

అన్ని గడులూ తృప్తికరంగా నిండిన వాహనం మండలిలో అదొక్కటే అయ్యింది. అందువల్ల గురువారం పొద్దున ఆ బండికి ఉత్తమ వాహన నిర్వహణ పురస్కారం ప్రకటించారు. శుక్రవారం డిప్యూటీ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి, పురస్కారం ఇచ్చి, జెండా ఊపి, టీకా మందుతో బండిని కొండకి సాగనంపుతారు.

సుక్కయ్య మళ్లీ బండరాయెక్కాడు. "అమ్మా, మా ఊరికి కూడా వచ్చీసింది. నాది ఎర్రావు. నోట్లోంచి సొంగ ఒకటే కారతంది. మిగతా వోటినైనా ఆపండమ్మా."

ఫోను పెట్టేసి పైడి లెక్క వేసుకుంది. శుక్రవారం జెండా ఊపాక బండి కదుల్తుంది, మూడో మలుపు దాకా వెళ్తుంది, గేరుబాక్సు కాలిపోతుంది. ఆ తర్వాత గెడ్డ పొంగుతుంది. ఇంకెవరూ వెళ్లరు. ఇదంతా నాలుగు సీసాల నూనె కోసం. అవి యాభై అడుగుల దూరంలో, తాళం వెనక, లేబుల్ అంటించుకుని కూర్చున్నాయి.

రూళ్ల పుస్తకం తీసింది. తనిఖీ గురించి పదకొండు పేజీలున్నాయి. మళ్లీ మళ్లీ చదివింది. ఆ తర్వాత లేచి దక్షిణామూర్తి గారి గదికెళ్లింది.

"సార్, రేపు పెద్దాయన వస్తున్నారు కదా. బండికి పూజ చేయించాలా?"

"చేయించకపోతే ఎలా? కొబ్బరికాయ, నిమ్మకాయలు, పూలదండ, సమస్తం."

"పూజప్పుడు ఇంజిను ఆపాలా సార్?"

దక్షిణామూర్తి గారు ఉలిక్కిపడ్డారు. "ఇంజిను ఆపి పూజేమిటి? అపశకునం! ఊపిరున్న బండికే పూజ. నీకు చదువు చెప్పారు గానీ పద్ధతులు చెప్పలేదమ్మాయ్."

"చెప్పారు సార్. మా వైపు బండికి ముందు ఏడు ప్రదక్షిణలు చేయిస్తారు. తర్వాత ఎర్ర నూనెతో అభిషేకం."

"ఎక్కడ చేస్తారు అభిషేకం?"

"లోపల సార్. ఆత్మకి."

ఆయన కళ్లు మూసుకుని తలూపారు. "శాస్త్రోక్తంగా జరగనీ."

స్టోర్ కీపర్ కాంతామణి గారి దగ్గర మాత్రం అంత సులువుగా అవలేదు. ఆవిడ సీసాలు ఇవ్వనన్నారు.

"అధిక నిల్వ ఆ బండిది. దాన్నుంచి తీసింది దానికే ఇస్తే మరి తియ్యడం దేనికని రేపు నన్నడుగుతారు. నా ఉజ్జోగం ఊడుద్ది పైడీ."

"బండికి కాదు మేడం. పూజకి."

కాంతామణి గారు కలం ఎత్తి ఆలోచించారు. "పూజ సామాన్లకి అడ్డం లేదు. పసుపు, కుంకుమ, నూనె... జాబితాలో నూనె ఉంది. ఏ నూనో రాయలేదు." ఇండెంటు కాగితం తీశారు. "తీసుకునేవారు ఎవరని రాయను?"

"దేవుడు అని రాసేయండి."

"దేవుడు సంతకం పెట్టొద్దా?"

"ఆయన తరఫున నేను పెడతాను."

* * *

శుక్రవారం పొద్దున మబ్బు పట్టి ఉంది. షామియానా, మైకు, కుర్చీలు. డిప్యూటీ డైరెక్టరు గారు పెద్ద పూలదండతో దిగారు. ముత్యాలు బండి ఎక్కి ఆవరణ చుట్టూ ప్రదక్షిణలు మొదలెట్టాడు. మొదటి చుట్టుకి ఇంజిను గొణిగింది. మూడో చుట్టుకి అరిచింది. ఏడుకే ఆపబోయాడు గానీ పైడి గేటు దగ్గర నిలబడి వేళ్లు చూపించింది. పదకొండు చేయించింది. పదకొండయ్యాక బానెట్ మీద చెయ్యి పెడితే కాలింది.

"నిలబెట్టీ మావా. ఇంజిను ఆపకు. బ్రేకు తొక్కిపట్టి, గేరు కర్ర ఒక్కో గడి దగ్గరా ఆపుకుంటా పైనుంచి కిందికి, కిందనుంచి పైకి తే."

"ఇదేంటి కొత్త పద్ధతి?" అని అడిగారు డీడీ గారు.

"మెట్టు మెట్టుకీ నమస్కారం సార్," అన్నారు దక్షిణామూర్తి గారు ఆయన చెవిలో. "స్థానిక ఆచారం." కంపెనీ పుస్తకంలో మాత్రం అది నూనె అన్ని గేర్లలోకీ పాకడానికి.

బానెట్ ఎత్తి, చున్నీ నడుముకి బిగించి, పైడి కొలత పుల్ల లాగింది. తుడిచింది. మళ్లీ పెట్టి తీసింది. పుల్ల కొస కూడా తడవలేదు. ఆమె ఊహించింది సరిగ్గా అదే. ఇన్ని రోజులూ ఆ బండి దేంతో నడిచిందో!

పశువులకి మందు పట్టే వెదురు గొట్టాన్ని పుల్ల రంధ్రంలో పెట్టి మొదటి సీసా వంచింది. ఎర్రటి నూనె తీగలా దిగింది. మైకు దగ్గర ఎవరో మంత్రం అందుకున్నారు. రెండో సీసా. పుల్ల తీసి చూసింది, కొస తడిసింది. మూడో సీసా సగంలో ఉండగా ఇంజిను స్వరం మారింది, ఏడుపు ఆపిన పిల్లలా. ముత్యాలు కిటికీలోంచి తల బయట పెట్టాడు, నోరు తెరుచుకుని.

నాలుగో సీసాలో ఇంకా నాలుగు వేళ్ల ఎత్తు ఉండగానే నూనె పై గీతని తాకింది. పైడి సీసా దించేసింది.

"నేను కూడా కొంచెం పోస్తాను," అని డీడీ గారు చెయ్యి చాచారు.

పైడి గొట్టం లాగేసింది. ఎక్కువైనా బండికి ప్రమాదమే. "చాలు సార్. అమ్మవారికి నిండింది. నిండాక పోస్తే అపచారం."

డీడీ గారు రెండు చేతులూ జోడించారు. కొలత పుల్ల కొసన ఎర్రగా మెరుస్తున్నదాన్ని వేలితో తీసి నుదుట పెట్టుకున్నారు. వెనక క్యూ కట్టారు.

జెండా ఊపారు. బండి కదిలింది.

ఊరు దాటాక ముత్యాలు చెవి ఇంజిను మీదే పెట్టాడు. మొదటి గేరు. రెండు. ఇంజిను గొంతు కొంచెం పైకెళ్లింది, చిన్న కుదుపు, ఇంజిను మెత్తబడింది.

"మూడు," అంది పైడి.

"మూడే!" ముత్యాలు స్టీరింగుని కొట్టాడు. "ఎల్లీసింది! ఓర్నీ తల్లీ, ఎల్లీసింది!" అంటూనే ఎడమ కాలితో ట్రాక్టరు పెడల్ టకటకా తొక్కాడు.

"అదెందుకు మావా?"

"అలవాటైపోనాది. రాసుకో, ఏడుసార్లు."

మూడో మలుపు, నాలుగో మలుపు, గెడ్డ మీది కాజ్‌వే. నీళ్లు అప్పుడే రంగు మారుతున్నాయి. సిరిమానుగూడ చేరేసరికి చినుకులు పడుతున్నాయి. కొండవాలు నిండా పశువులు. సుక్కయ్య గొడుగు కింద నిలబడి బండి ఆగకముందే వెనక తలుపు తీశాడు.

"ఏటయిందమ్మా బండికి ఇన్నాళ్లు?"

"ఏం అవలేదు బాబూ. కాయితాల ప్రకారం అది బ్రహ్మాండంగా ఉంది."

తొట్టెలో వచ్చిన టీకా సిబ్బంది సాయంత్రం దాకా వానలోనే టీకాలు వేశారు. సుక్కయ్య ఎర్రావుని విడిగా కట్టేసి, నోరు కడిగి మందు రాశారు. దిగి వస్తుంటే గెడ్డ నీళ్లు బండి సగం చక్రం దాకా వచ్చాయి. మర్నాటికి దారి మూసుకుపోయింది. అప్పటికి పై ఊళ్లలో ఒక్క పశువు కూడా మందు పడకుండా మిగల్లేదు.

సోమవారం ముత్యాలుకి ఇచ్చిన నోటీసులు రెండూ రద్దయ్యాయి. దైవానుగ్రహం వల్ల లోపము తొలగినందున, అని కారణం రాశారు. దాంతోపాటే ఒక సర్క్యులరు వచ్చింది. ప్రతి నెలా మొదటి శుక్రవారం వాహనమునకు పదకొండు ప్రదక్షిణలు చేయించి, ఇంజిను నడుస్తుండగా, కొలత పుల్ల గీత వరకు మాత్రమే ఎర్ర నూనెతో అభిషేకం చేయవలెను. అభిషేక ద్రవ్యమును సిరంజితో వెనుకకు తీయుట ఘోర అపచారముగా పరిగణింపబడును. పైడి ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది. కంపెనీ పుస్తకం కూడా ఇంత స్పష్టంగా లేదు.

చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగింది. 'ఈ ఉత్తర్వులు మండలి పరిధిలోని సమస్త వాహనములకు వర్తించును.'

ఫోను మోగింది. కాంతామణి గారు.

"పైడీ, వాహనాల జాబితాలో తపాలా సైకిళ్లు రెండున్నాయమ్మా. వాటికి నూనె ఎక్కడ పోయమంటావు?"

పైడి నవ్వు ఆపుకుంది. "ముందు వాటి క్లచ్ ఎవరు తీశారో కనుక్కోండి మేడం."

అవతల కాగితం మీద పెన్ను గీరుకుంటున్న శబ్దం వినిపించింది.